తప్పు కాలిది కాదు, బూటుది



"బూట్లు ఇచ్చాము. వారే వేసుకోరు. ఇక మేమేమి చేయగలము?" ఈ మాట మన దేశంలో ఏ పురపాలక కార్యాలయంలోనైనా, ఏ కాంట్రాక్టరు గుడారంలోనైనా, ఏ భద్రతాధికారి గదిలోనైనా వినవచ్చును. వానాకాలం మొదలు కాగానే పత్రికలలో ఛాయాచిత్రం పడుతుంది: మోకాలి లోతు మురుగులో వట్టి కాళ్లతో నిలబడిన మనిషి. మరునాడు అధికారుల వివరణ వస్తుంది: పరికరాలు సరఫరా అయినవి, కార్మికులలో అవగాహన లోపించినది. ఆపైన ఒక అవగాహనా సదస్సు జరుగుతుంది, టీ బిస్కట్లు పంచుతారు. మళ్లీ వానాకాలం వస్తుంది; అదే ఛాయాచిత్రం, అదే వివరణ.

ఆ వివరణ అసత్యమని నిరూపించడమే ఈ వ్యాసం ఉద్దేశం. కార్మికుని కాలిలో లోపం లేదు, బుద్ధిలోనూ లోపం లేదు. లోపం ఆ బూటులో వున్నది; అంతకు మించి ఆ బూటును ఎన్నుకొనే పద్ధతిలో వున్నది. కొనేవాడు ఒకడు, తొడుక్కొనేవాడు మరొకడు అయినంత కాలం ఈ దేశపు శ్రమజీవి పాదానికి రక్షణ లేదు.

గిడ్డంగిలో కనిపించిన సత్యం

కొన్నేళ్ల క్రితం కోస్తా జిల్లాలోని ఒక పట్టణంలో పారిశుద్ధ్య కార్మికుల కోర్కెలపై చర్చలకు వెళ్లాము. సరఫరా పూర్తి అయినదని అధికారి రిజిస్టరు చూపించారు. ప్రతి పేరుకెదురుగా సంతకమో వేలిముద్రో వున్నది. సరుకు చూడాలని పట్టుబట్టి గిడ్డంగి తలుపు తెరిపించాము. గమ్‌బూట్లు మూలన గుట్టగా పడి వున్నవి. తిరగవేసి చూస్తే అన్నీ ఎనిమిది, తొమ్మిది, పది నంబర్లే. ఆ పట్టణంలో వీధులు ఊడ్చేవారిలో సగానికి పైగా స్త్రీలు. వారిలో చాలామంది పాదం నాలుగు, అయిదు నంబర్లకు మించదు.

మా వెంట వచ్చిన ఒక పెద్దామె ఒక బూటు చేతికి తీసుకొని నవ్వింది. "ఇది తొడుక్కుని కాలవలో దిగితే కాలు పైకొస్తది, బూటు కిందే ఉంటది బాబూ. నీళ్లు జొరబడ్డాక ఇది బూటా? బిందె. రెండు కాళ్లకీ రెండు బిందెలు కట్టుకుని ఊడవమంటే ఎట్టా ఊడవను?"

ఇంతకు మించిన సాంకేతిక నివేదికను ఏ ఇంజనీరూ వ్రాయలేడు. ఆమె మాటనే కొంత విడమరచి చూద్దాం.

మోకాలి దాకా వచ్చే మామూలు గమ్‌బూట్ల జత బరువు ఒకటిన్నర కిలో మొదలు రెండు కిలోల దాకా వుంటుంది. పొద్దున నాలుగు గంటలకు లేచి మైళ్ల కొద్దీ నడిచే మనిషి ప్రతి అడుగుతోనూ ఆ బరువు మోయాలి. వదులు బూటులో పాదం జారి మడమ ఒరుసుకొని పుండు పడుతుంది. బయటి నీటిని రానివ్వని రబ్బరు లోపలి చెమటను కూడా పోనివ్వదు. మన ఎండలలో రెండు గంటలు గడిస్తే పాదం తన చెమటలోనే నానుతుంది, వేళ్ల సందులు చిట్లుతాయి. పైనుంచి నీరు పడితే పోయే దారి లేదు. అడుగున మేకును ఆపే పొర లేని బూటులోకి మేకు సూటిగా దిగుతుంది. దమ్ము చేసిన వరి మడిలో బురద బూటును పట్టి గుంజుతుంది. నాటు వేసే స్త్రీ వంగి వెనుకకు నడవాలి గనుక ఆమెకది సంకెలే అవుతుంది.

స్లాబు వేసే ముఠాల సంగతి మరింత విపరీతం. తడి సిమెంటు గాఢమైన క్షారం, చర్మాన్ని కాల్చివేస్తుంది. వట్టి కాలిమీద పడినదాన్ని కడుక్కోవచ్చు. పొట్టి బూటులోకి పైనుంచి జారిన సిమెంటు పాలు మాత్రం సాయంత్రం బూటు విప్పేదాకా చర్మానికి అంటుకొనే వుంటవి. ఆ కాల్పు మొదట నొప్పి తెలియనివ్వదు. తెలిసేసరికి చర్మం ఊడి వస్తుంది. రక్షణ పేరిట ఇచ్చిన వస్తువే గాయానికి కారణమైనప్పుడు దానిని తొడగని మేస్త్రీ కూలీది అజ్ఞానమా, అనుభవమా?

పాదం గుండా వచ్చే రోగాలు

అయితే వట్టి కాళ్లే మేలని ఎవరూ అపార్థం చేసుకోరాదు. శ్రామికుని శరీరంలోకి రోగం ప్రవేశించే సింహద్వారం పాదమే. ఆల్ప్స్ పర్వతాల కింద 1872 నుంచి 1882 వరకు గోథార్డ్ రైలు సొరంగం తవ్వినప్పుడు ఇటాలియన్ కూలీలు వందల సంఖ్యలో రక్తహీనతతో కూలిపోయారు. 1880 నాటికి వారి ప్రేగులలో కొంకిపురుగులు వున్నట్లు తేలినది. ఆ పురుగు పిల్లలు చర్మాన్ని తొలుచుకొని లోపలికి పోగలవని 1898 ప్రాంతంలో కైరోలో ఆర్థర్ లూస్ అనే శాస్త్రజ్ఞుడు కనుగొన్నాడు. తడి మట్టిలో వట్టి కాలు పెట్టడమే ఆ కూలీలు చేసిన నేరం. ఎలుక మూత్రం కలిసిన నీటి ద్వారా వచ్చే జ్వరాన్ని, నేడు లెప్టోస్పైరోసిస్ అని పిలిచేదాన్ని, కలిగించే క్రిమిని 1915లో ఇనాడా, ఇడో అనే జపాను వైద్యులు గుర్తించారు. వారు గుర్తించినది ఎక్కడ? క్యూషూ ద్వీపంలో నీరు నిలిచే బొగ్గుగనుల ప్రాంతంలో. చిట్లిన చర్మం గుండా ప్రవేశించి మూత్రపిండాలను, కాలేయాన్ని దెబ్బతీసే ఆ క్రిమి నేటికీ అండమాన్‌లో, కేరళలో, మన తీరప్రాంతపు వరి పొలాలలో, నగరాల మురుగుకాలువలలో పొంచివున్నది. 2018 వరదల తరువాత కేరళలో అది ఎందరి ప్రాణాలు తీసినదో దేశమంతా చూసినది.

పాము కాటు మాటేమిటి? 2000 మొదలు 2019 వరకు మన దేశంలో పాము కాటుకు సుమారు 12 లక్షల మంది మరణించారని, అంటే సగటున ఏటా 58 వేల మంది అని, మిలియన్ డెత్ స్టడీ ఆధారంగా 2020లో పరిశోధకులు అంచనా కట్టారు. మరణాలు అధికంగా వున్న రాష్ట్రాలలో ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాలు కూడా వున్నవి. చనిపోయినవారిలో అత్యధికులు పల్లెలవారు. సగం మరణాలు వానాకాలంలో సంభవించినవే. పాము ఎక్కువగా కరిచేది కాలినే అని పల్లెలో పసిపిల్లవాడికి కూడా తెలుసు. ఇక ఉప్పు మళ్లలో జీవితాంతం నిలబడిన మనిషి కాళ్లు ఎంతగా గట్టిపడతాయంటే, చితిమీద కూడా అవి సరిగా కాలవని కచ్ రణంలోని అగరియాల గురించి చెప్పుకొంటారు. మన నౌపడా ఉప్పు మళ్లలోనూ కార్మికులు ఆ ఉప్పునీటిలోనే నిలబడి పనిచేస్తారు.

కావాలనుకొన్నప్పుడు చేయగలిగారు

ఇటువంటి పాదరక్ష తయారు చేయడం అసాధ్యమా? చరిత్ర వేరే చెబుతున్నది. మొదటి ప్రపంచ యుద్ధంలో తడి కందకాలలో రోజుల తరబడి నిలబడిన సైనికుల పాదాలు కుళ్లిపోసాగినవి. తుపాకి పట్టేవాడు నిలబడలేకపోతే సామ్రాజ్యమే నిలబడదు గనుక బ్రిటిష్ యుద్ధ శాఖ ఎడింబరోలోని నార్త్ బ్రిటిష్ రబ్బర్ కంపెనీని పురమాయించినది. యుద్ధం ముగిసేలోగా పదకొండు లక్షలకు పైగా జతల బూట్లు ఆ ఒక్క కర్మాగారం నుంచే వచ్చినవి. ప్రభుత్వం అవసరం అనుకొన్న కాలికి బూటు దొరికినది.

జపానులో కురుమే పట్టణానికి చెందిన ఇషిబాషి సోదరులు 1923లో రబ్బరు అడుగు వేసిన గుడ్డ పాదరక్షను, జికా తాబిని, అంగడికి తెచ్చారు. అంతకు ముందు అక్కడి కూలీలు గడ్డి చెప్పులు తొడిగేవారు. అవి తడికి ఆగేవి కావు, త్వరగా అరిగి కూలి డబ్బులు మింగేవి. కొత్త పాదరక్ష బొటనవేలు వేరుగా, పాదానికి అతుక్కొని, కూలీ నడకకు తగినట్లుగా వున్నది. పొలాలలో, గనులలో, కట్టడపు పనులలో దానిని అడిగి కొనుక్కొన్నారు. ఆ సోదరులలో ఒకడే తరువాత బ్రిడ్జ్‌స్టోన్ టైర్ల కంపెనీ స్థాపించాడు. వారు చేసినది ధర్మకార్యమని మనం భ్రమపడనక్కరలేదు, లాభం కోసమే చేశారు. అయినా అక్కడ కొనేవాడు తొడుక్కొనేవాడే గనుక వస్తువు అతని కాలికి తగినట్లు కుదిరినది.

మన దేశం మాటకు వద్దాం. వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో డాక్టర్ పాల్ బ్రాండ్, ఆయన సహచరులు స్పర్శ కోల్పోయిన కుష్ఠురోగుల పాదాలను పరీక్షించి, ఒత్తిడి ఎక్కడ పడుతున్నదో గమనించి, మెత్తని మైక్రోసెల్యులర్ రబ్బరుతో చెప్పులు రూపొందించారు. సమాజం వెలివేసిన నిరుపేద పాదాన్ని కూర్చొని పరిశీలించే శాస్త్రం ఈ గడ్డమీదనే పుట్టినది. 1948 నుంచి మద్రాసులో కేంద్రీయ చర్మ పరిశోధనా సంస్థ వున్నది. 1955 నుంచి కొట్టాయంలో రబ్బరు పరిశోధనా సంస్థ వున్నది. 1986లో నోయిడాలో స్థాపించిన పాదరక్షల రూపకల్పనా సంస్థకు నేడు హైదరాబాదులో కూడా ప్రాంగణం వున్నది. చైనా తరువాత ప్రపంచంలో అత్యధికంగా పాదరక్షలు తయారు చేసే దేశం మనది. కేరళలో, త్రిపురలో రబ్బరు పాలు గీసే చేతులు మనవి. రబ్బరు మనదే, శాస్త్రం మనదే, శ్రమ మనదే. మన కాలికి తగిన బూటు మాత్రం లేదు!

కొనేవాడు వేరు, తొడిగేవాడు వేరు

కారణం ఏమిటి? పారిశుద్ధ్య కార్మికుని బూటును కొనేది కార్మికుడు కాదు, కమిషనరు కూడా కాదు, టెండరు. టెండరులో తక్కువ ధర కోట్ చేసినవాడిదే సరఫరా. ఆ కాగితంలో పాదం కొలత గురించి ఒక్క ప్రశ్న వుండదు. స్త్రీల నంబర్ల వివరం వుండదు. ఎన్ని నెలలు మన్నినదని అడిగేవాడు లేడు. సరుకు దిగిన రోజు సంఖ్య లెక్క కుదిరితే బిల్లు చెల్లుతుంది. తొడిగినా తొడగకపోయినా సరఫరాదారుకు పైసా నష్టం లేదు. వాడని బూటు పాడవదు గనుక అధికారికి కూడా సుఖమే. పని ముఠాలు ఔట్‌సోర్సింగ్ ఏజెన్సీల చేతికి పోయిన తరువాత ఈ గొలుసుకు మరొక లంకె చేరినది: పురపాలక సంఘం ఏజెన్సీని చూపుతుంది, ఏజెన్సీ సరఫరాదారుని చూపుతుంది, అందరూ కలిసి కార్మికుని చూపుతారు.

భారతీయ ప్రమాణాలు లేకపోలేదు. రబ్బరు బూట్లకు ఐ.ఎస్. 5557, భద్రతా పాదరక్షలకు ఐ.ఎస్. 15298 వున్నవి. మేకు దిగకుండా ఆపే అడుగును 1,100 న్యూటన్ల బలంతో పరీక్షించే పద్ధతి కూడా వున్నది. కాని ప్రయోగశాలలో నెగ్గిన బూటు కాలువలో నెగ్గుతుందా అని తేల్చవలసినది ఆ పెద్దామె. ఆమెను ఏ కమిటీ పిలిచినది?

చట్టం ఇచ్చినదేమిటి, విడిచినదేమిటి

పోరాడిన చోట చట్టం కొంత దిగి వచ్చినది. 1957 నాటి బొగ్గుగనుల నిబంధనలు ఆమోదించిన పాదరక్ష లేనిదే ఎవరినీ గనిలోకి అనుమతించరాదని, దానిని ఆరు నెలలకు మించని వ్యవధిలో యజమాని ఉచితంగా ఇవ్వాలని, తగినన్ని నిల్వలు ఎల్లప్పుడూ వుంచాలని శాసించినవి. సింగరేణిలో, ధన్‌బాద్‌లో గని కార్మికుడు బూటు తొడిగి దిగుతున్నాడంటే అందుకు కారణం అవగాహనా సదస్సులు కావు, సంఘశక్తి.

2013 నాటి పాకీపని నిషేధ చట్టం కింద వచ్చిన నియమాలు రక్షణ సామగ్రి జాబితాను సుదీర్ఘంగా ఇచ్చినవి. బూట్లతో కలిసిన జలనిరోధక దుస్తులు కూడా అందులో వున్నవి. మురుగుగుంతలో చనిపోయినవారి కుటుంబానికి 30 లక్షల రూపాయలు ఇవ్వాలని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆదేశించినది. మనిషి చనిపోయాక చెల్లించే 30 లక్షలు ఖజానాకు భారం కానప్పుడు, బ్రతికి వుండగా ఒక జత బూట్లు భారమెలా అవుతుంది?

2025 నవంబరు 21 నుంచి అమలులోకి తెచ్చిన వృత్తి భద్రతా కోడ్, భద్రత కోసం చేసే దేనికీ కార్మికుని వద్ద రుసుము తీసుకోరాదని చెబుతున్నది. 1981 నాటి అంతర్జాతీయ కార్మిక సంస్థ 155వ ఒడంబడిక కూడా అదే చెప్పినది. మాట మంచిదే. కాని ఆ కోడ్ సాధారణంగా పదిమందికి తక్కువ పనివారు వున్న చోటును సంస్థగానే లెక్కించదు. ఎనిమిది మంది స్లాబు ముఠా, ఆరుగురు నాట్ల కూలీలు, నలుగురు డ్రైనేజీ కూలీలు, వీరి కాళ్లు చట్టం కంటికి కనబడవు. భద్రతా కమిటీలు వేయవలసినది కూడా పెద్ద సంస్థలలోనే. చిన్న ముఠాలో బూటు సంగతి అడిగేది ఎవరు, ఎవరిని?

మన తప్పు కూడా వున్నది

ఇతరులను నిలదీసే ముందు మనలను మనం నిలదీసుకోవాలి. దాదాపు ఇరవై ఏళ్ల క్రితం ఒక పట్టణంలో నేను నాయకత్వం వహించిన చర్చలలో, ఇచ్చే బూట్లు పనికిరావడం లేదు గనుక వాటికి బదులు నగదు అలవెన్సు ఇవ్వాలని యాజమాన్యం ప్రతిపాదించినది. కార్మికులు సంతోషించారు, ఇంట్లో అవసరాలు అటువంటివి. మేము దానిని విజయంగా ప్రకటించి దండలు వేయించుకొన్నాము. రెండవ ఏడు కాలువ పూడిక తీస్తూ ఒక కార్మికుడు పగిలిన సీసా తొక్కాడు. మధుమేహం వున్న మనిషి. పుండు మానలేదు, కుళ్లినది. చివరకు చీలమండ దాకా పాదం తీసివేశారు. నష్టపరిహారానికి వెళ్తే అధికారి ఒప్పంద పత్రం తీసి ముందు పెట్టారు: పాదరక్షల బాధ్యత అలవెన్సుతో తీరినదని అందులో వ్రాసి వున్నది. కింద నా సంతకం వున్నది.

ఆ కార్మికుడు నన్ను ఒక్క మాట అనలేదు. అందుకే ఈ వ్యాసం వ్రాస్తున్నాను. కాలిని రూపాయలకు మార్పిడి చేసే ఒప్పందం ఏ సంఘమూ చేయరాదు. బూటు పనికిరాకపోతే పనికివచ్చే బూటు కావాలని పోరాడాలే గాని, బూటునే వదులుకోరాదు.

మనకు ఎటువంటిది కావాలి

ఓవర్‌షూ అనే వస్తువు కొత్తది కాదు. దానిని మనం పైబూటు అందాం. విద్యుత్ ప్రవాహం సోకకుండా బూటు మీద తొడిగే రబ్బరు పైబూట్లు లైన్ పనివారి కోసం ఎన్నడో తయారైనవి. ఆ సూత్రాన్నే మన పనులకు మలచాలి. ఒకే నమూనా అందరికీ సరిపోదు. కర్మాగారంలో తన బూటు మీదనే తొడుక్కొనే తేలికపాటి పైబూటు ఒకటి. మురుగుకాలువ వారికి ముందు భాగం పూర్తిగా తెరుచుకొని, పట్టీలతో బిగించుకొని, నీరు చేరితే క్షణంలో విప్పి దిమ్మరించగల బూటు. అడుగున మేకును, గాజును ఆపే పొర వుండాలి. స్లాబు ముఠాకు పిక్కల దగ్గర గట్టిగా మూసుకొనేది. నాట్లు వేసే స్త్రీకి పాదానికి అతుక్కొని వుండే పలుచనిది, బురద గుంజినా ఊడనిది. అన్నింటికీ ఉతికి ఆరవేసుకొనే గుడ్డ లోతొడుగులు రెండు జతలు. మూడవ నంబరు మొదలు అన్ని కొలతలు.

ఇందుకోసం మన సమాఖ్య, అనుబంధ సంఘాలు ఈ కోర్కెలను ముందుంచాలి:

1. కేంద్ర చర్మ, రబ్బరు పరిశోధనా సంస్థలు, పాదరక్షల రూపకల్పనా సంస్థ కలిసి కార్మికుల పాదాల కొలతలు తీసి, స్త్రీల పాదాలను విడిగా కొలిచి, పనుల వారీగా పైబూట్లు రూపొందించాలి.

2. నమూనాలను ఒక పూర్తి వానాకాలం కార్మికులే తొడిగి చూడాలి. వారు తిరస్కరించిన నమూనాకు టెండరు పిలవరాదు.

3. తొడిగే కార్మికుల కమిటీ అంగీకార సంతకం లేనిదే సరఫరాదారునికి బిల్లు చెల్లించరాదు. ఆ కమిటీలో సగం మంది స్త్రీలు వుండాలి.

4. పాడైన రోజునే మరొక జత ఉచితంగా ఇవ్వాలి. నగదు ప్రత్యామ్నాయం నిషేధించాలి.

5. పదిమందికి తక్కువ వున్న ముఠాలకు, వ్యవసాయ కూలీలకు ప్రభుత్వ ఖర్చుతో పంచాలి.

ఒక హెచ్చరిక కూడా చేయవలసి వున్నది. మంచి బూటు వచ్చినది గనుక మనిషిని మురుగుగుంతలోకి దింపవచ్చునని ఎవరైనా అంటే మనం అడ్డుపడాలి. గుంతలో మనిషిని చంపేది విషవాయువు. బూటు దానిని ఆపలేదు. యంత్రం చేయవలసిన పని యంత్రమే చేయాలి. మనిషి తప్పక నిలబడవలసిన తడిలోనే బూటు సంగతి వస్తుంది.

బెంగుళూరులో, చెన్నపట్నంలో తెల్లవారకముందే వీధులు ఊడ్చే వేలాదిమంది తెలుగు మాట్లాడేవారే. తరతరాల క్రితం మన జిల్లాల నుంచి వెళ్లిన దళిత కుటుంబాలవారు. ఈ బులెటిన్ వారిదాకా చేరాలి. ఈ వానాకాలానికి ముందే ప్రతి శాఖ తన గిడ్డంగి తలుపు తెరిపించాలి. నంబర్లు లెక్కించాలి. తొడిగి చూడాలి. పనికిరాని బూట్లను తెచ్చి కమిషనరు బల్లమీద వరుసగా పేర్చి, "అయ్యా, ముందు మీరు తొడిగి ఒక గంట నడవండి" అని మర్యాదగా అడగాలి.

ఆ గంట గడిచిన తరువాత అవగాహన ఎవరికి లోపించినదో తేలుతుంది.

శ్రమజీవుల ఐక్యత వర్ధిల్లాలి!